పశువు తేన్పుకు లెక్క



విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల నుంచీ బ్లాస్ట్ ఫర్నేసుల నుంచీ వచ్చే వాయువును గాలికి వదిలేయరు. గొట్టాల్లోకి పట్టి, ఎంత వస్తోందో మీటర్లలో చూసుకుని, మళ్లీ ఇంధనంగా వాడుకుంటారు. ఆ వాయువులో వేడి ఉంది, వేడి అంటే డబ్బు. అదే ఊళ్లో, మద్దిలపాలెం కూడలిలో, జాతీయ రహదారి డివైడరు పక్కన రాత్రిపూట నెమరేస్తూ పడుకున్న ఆవు కూడా మండే వాయువునే వదులుతోంది. దానికి మాత్రం మీటరు లేదు. కట్టేసి మేపని పశువుకు, తిరిగి మేసే పశువుకు, అలాంటి మీటరు పెట్టడం సాధ్యమేనా, పెడితే మనకేం తెలుస్తుంది అన్నది ఇవాళ్టి ప్రసంగం.

పశువు పొట్టలో నాలుగు అరలుంటాయి. అన్నిటికన్నా పెద్దది మొదటిది, రూమెన్ అంటారు. పెద్ద పశువులో అది వంద లీటర్ల పైనే పడుతుంది. అందులోకి చేరిన గడ్డిని కోటానుకోట్ల సూక్ష్మజీవులు పులియబెడతాయి. మనకు అరగని పీచు ఆవుకు అరుగుతోందంటే వాటి చలవే. పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అది అక్కడే పేరుకుపోతే పులియడమే కుంటుపడుతుంది. అందుకని మెథనోజెన్లు అనే మరో జాతి జీవులు ఆ హైడ్రోజన్‌కు కార్బన్ డయాక్సైడ్‌ను జతచేసి మీథేన్‌గా మార్చేస్తాయి. ఈ మీథేన్ పశువు ఒంటికి దేనికీ పనికిరాదు. తేన్పుతో బయటికొచ్చేస్తుంది.

ఇదేదో తోక కింద నుంచి పోయే వాయువనుకుని నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి తొంభై శాతానికి పైగా నోటి నుంచీ ముక్కు నుంచీ వచ్చేదే. పేగుల్లో పుట్టే కాస్తలో కూడా ఎక్కువ భాగం రక్తంలో కలిసి ఊపిరితోనే బయటపడుతుంది. వెనక నుంచి పోయేది ఒకటి రెండు శాతం. కాబట్టి కొలవదలచినవాడు నిలబడాల్సింది పశువు ముట్టె దగ్గర.

మరి ఎందుకు కొలవాలి? వాతావరణం వేడెక్కుతోంది కాబట్టి అని అందరూ చెబుతారు. అది నిజమే. మీథేన్ గాలిలో పన్నెండేళ్లు మాత్రమే నిలుస్తుంది కానీ, ఉన్నంతకాలం గట్టిగా వేడి పట్టి ఉంచుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు. అయితే రైతుకు ఇంకా దగ్గరి కారణం మరొకటి ఉంది. మీథేన్‌గా పోయిన ప్రతి గ్రామూ మేతలోంచి పోయిందే. పశువు తిన్న మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా తేన్పుల పాలవుతుందని ప్రయోగాల్లో తేలింది. గడ్డి మీద బతికే పశువులకు అంతర్జాతీయ లెక్కల్లో సాధారణంగా 6.5 శాతం వేసుకుంటారు. పాలుగానో, కండగానో, దుక్కి దున్నే సత్తువగానో మారాల్సింది గాలిలో కలిసిపోతోందన్నమాట. పశుపోషణ శాస్త్రజ్ఞులు ఈ కొలతలు మొదలుపెట్టింది కూడా వాతావరణం కోసం కాదు. మేతలో ఎంత వంటబడుతోందో తెలుసుకుందామని మొదలుపెట్టారు.

1860లలో జర్మనీలో మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ అనే ఆయన మనిషి పట్టేంత గది కట్టి, లోపలికి పోయే గాలినీ బయటికొచ్చే గాలినీ పరీక్షించాడు. 1902 నాటికి అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆర్మ్స్‌బీ అనే ఆయన అలాంటి గదినే పశువు పట్టేలా కట్టాడు. పద్ధతి ఒకటే. ఆక్సిజన్ ఎంత తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగింది, మీథేన్ ఎంత వచ్చింది అని చూస్తే, ఆ పశువు ఒంట్లో రోజుకు ఎంత వేడి పుడుతోందో, అంటే ఎంత శక్తి ఖర్చవుతోందో లెక్క కట్టవచ్చు. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలోనూ, బెంగళూరులోని పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థలోనూ ఇలాంటి గదుల్లో పని జరిగింది. ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన కొలత ఇదే. కానీ గదిలో ఉన్న ఆవు ముందు తొట్టిలో వేసిందే తింటుంది. కొండ ఎక్కదు, ఎండలో నడవదు, నచ్చిన గడ్డిని ఏరుకోదు. గదిలో వచ్చిన అంకెను మన్యం కొండల మీద మేసే ఆవుకు అంటగడితే అది సగం నిజమే అవుతుంది.

ఆ చిక్కు విప్పినవాళ్లు వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు. 1994లో ప్రచురించిన వాళ్ల పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన పల్లెల్లో కూడా చేయగలిగిన పని. వేలెడంత ఇత్తడి గొట్టం తీసుకుంటారు. దాన్ని అతి చల్లని ద్రవ నత్రజనిలో ముంచి, అందులో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును గడ్డకట్టించి నింపుతారు. మూతి దగ్గర సన్నని టెఫ్లాన్ బిళ్ల బిగిస్తారు. వాయువు ఆ బిళ్లలోంచి రోజుకు కొన్ని మిల్లీగ్రాముల చొప్పున, ఎప్పుడూ ఒకే వేగంతో ఊరుతుంది. ఆ వేగం ఎంతో పశువుకు మింగించక ముందే తెలియాలి. అందుకని పశువు ఒంటి వేడి ఎంతో అంత వేడిలో, 39 డిగ్రీల దగ్గర గొట్టాన్ని వారాల తరబడి ఉంచి, మధ్యమధ్య తూకం వేస్తారు. బరువు తగ్గిన లెక్కే వాయువు ఊరిన లెక్క. ఆ తరువాత మాత్ర మింగించినట్టు గొట్టాన్ని గొంతులోంచి రూమెన్‌లోకి జారవిడుస్తారు. అది అక్కడే ఉండిపోతుంది.

ఇక పైన, పశువు తలకు పలుపులాంటి పట్టీ కడతారు. ముక్కు రంధ్రం దగ్గర నుంచి వెంట్రుకలాంటి సన్నగొట్టం బయలుదేరి, మెడ మీద కాడిలా వంచి కట్టిన ప్లాస్టిక్ డబ్బాలోకి పోతుంది. డబ్బాలో గాలి ముందే తీసేసి ఉంటారు కాబట్టి, ఊపిరీ తేన్పూ కలిసిన గాలిని అది రోజంతా కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. మర్నాడు ఉదయం డబ్బా మార్చి, పాతదాన్ని వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ దగ్గరికి తీసుకెళ్తారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ కడుపులోంచి రోజుకు ఎంత వస్తోందో ముందే తెలుసు. డబ్బాలో దానికి ఎన్ని రెట్లు మీథేన్ ఉందో చూస్తే, మీథేన్ రోజుకు ఎంతో తేలిపోతుంది. అయిదారు రోజులు వరసగా చేసి సగటు తీస్తారు. వినడానికి తేలికే. పశువు వెళ్లి తుమ్మచెట్టుకు మెడ రుద్దుకుంటే సన్నగొట్టం విరుగుతుంది. వాన పడితే నీరు చేరుతుంది. పక్క పశువు నాకి పట్టీ ఊడదీస్తుంది. మందలో సగం డబ్బాలు చెడిపోయిన రోజులు ఈ పని చేసినవాళ్లందరికీ ఎరుకే.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట ఒకటి ఉంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ప్రకృతిలో దాదాపు లేదు, అందుకే అది మంచి గుర్తు. కానీ పెద్ద సబ్‌స్టేషన్ల సర్క్యూట్ బ్రేకర్లలో నిప్పురవ్వను ఆర్పడానికి వాడేది కూడా ఇదే వాయువు. పరిశ్రమల నగరంలో సబ్‌స్టేషన్లకు కొదవ లేదు. వాటి పక్క బీడులో మేసే ఆవుకు డబ్బా కడితే, లీకైన వాయువు లెక్కలో దూరి మీథేన్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. మురుగు కాలువ పక్కనో చెత్తకుప్ప పక్కనో కడితే అక్కడి మీథేన్ దూరి ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకే పశువు దగ్గర ఒక డబ్బా ఉంటే, గాలివాటున పశువులు లేని చోట మరో డబ్బా ఉండి తీరాలి. మద్దిలపాలెంలో పండ్ల తొక్కలూ అన్నం పొట్లాలూ అట్టముక్కలూ మేసే ఆవుకైతే ఏ డబ్బా కట్టినా నాకు నమ్మకం కుదరదు. అది ఏం తిన్నదో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు, తిన్నదాంట్లో ప్లాస్టిక్ ఎంతో అసలే తెలియదు.

ఈ మధ్య గ్రీన్‌ఫీడ్ అనే యంత్రం కూడా వాడుతున్నారు. బీడు మధ్యలో చక్రాల బండి మీద ఉంటుంది. పశువు తల దూర్చగానే చెవి బిళ్లను గుర్తుపట్టి, గుప్పెడు దాణా గుళికలు రాలుస్తుంది. తింటున్న మూడు నుంచి ఏడు నిమిషాలూ ఆ ఊపిరిని పీల్చి కొలుస్తుంది. ఒక పశువు గురించి నమ్మకంగా చెప్పాలంటే అది ఓ ముప్ఫైసార్లయినా వచ్చిపోవాలి. మందలో కొన్ని పశువులు దాణా రుచి మరిగి పదేపదే వస్తాయి, కొన్ని ఆ ఛాయలకే రావు. రానివాటి లెక్క ఎలా? ఆ చిక్కు ఇంకా తీరలేదు.

మీథేన్ సంగతి ఇలా ఉంటే, మేసే పశువు నడకకు ఖర్చు చేసే శక్తి మరో లెక్క. గుండె కొట్టుకునే వేగాన్ని నమోదు చేసే పట్టీలు, జీపీఎస్ కంఠపట్టీలు, తల దించిందా ఎత్తిందా చెప్పే చిన్న యంత్రాలు ఇందుకు వాడతారు. బ్రిటిష్ పశుపోషణ లెక్కల ప్రకారం చదునులో ఒక కిలో బరువు ఒక మీటరు నడవడానికి 2.6 జౌళ్లు, ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి 28 జౌళ్లు కావాలి. అంటే ఎక్కడం నడవడానికి పదింతల కష్టం. దీన్ని మన పశువుకు వేసి చూద్దాం. 250 కిలోల ఆవు చదునులో కిలోమీటరు నడిస్తే 155 కిలోకేలరీలు ఖర్చు. వంద మీటర్ల ఎత్తు ఎక్కితే 167. పాడేరు, అరకు వైపు పొద్దున కొండెక్కి సాయంత్రం దిగే పశువులకు ఇది చిన్న ఖర్చు కాదు. అక్కడి ఆవులు చిన్నవి, పాలు తక్కువ అని ఎగతాళి చేసేవాళ్లు ఈ ఖర్చును కూడా పద్దులో రాయాలి.

ఇప్పుడు మన దేశపు అంకెలకు వస్తాను. తగవంతా ఇక్కడే ఉంది. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ సంఘం 2006 మార్గదర్శకాల్లో ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదులుతుందనీ, భారత ఉపఖండపు పాడి ఆవు 58 కిలోలు, ఇతర పశువులు 27 కిలోలు వదులుతాయనీ పెట్టింది. స్వంత కొలతలు లేని దేశం ఈ అంకెను పశువుల సంఖ్యతో గుణించి తన మీథేన్ లెక్కగా చూపించవచ్చు. మన శాస్త్రజ్ఞులు అలా సరిపెట్టుకోలేదు. మన మేతలూ మన పశువుల బరువులూ తీసుకుని లెక్కగడితే, దేశవాళీ పాడి ఆవుకు ఏడాదికి 28 కిలోలు, సంకరజాతి ఆవుకు 43, పాడి గేదెకు 50 వచ్చింది. 58 ఎక్కడ, 28 ఎక్కడ! ఒక్క అంకె మారితే దేశం మీద పడే పద్దు లక్షల టన్నుల్లో మారుతుంది.

మనకు ఇలాంటి అనుభవం ఇంతకు ముందే ఒకటి ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ భారతదేశపు వరిమళ్ల నుంచి ఏడాదికి 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వస్తోందని ఒకప్పుడు లెక్క కట్టింది. 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇలాంటి లెక్కల్ని నిలదీస్తూ, పొట్టకూటి కోసం వెలువడేదీ విలాసం కోసం వెలువడేదీ ఒకే గాటన కడతారా అని అడిగారు. అదే ఏడు జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఎ.పి. మిత్ర నాయకత్వంలో శాస్త్రజ్ఞులు దేశమంతా పొలాల్లోకి దిగి, వరి దుబ్బుల మీద పెట్టెలు బోర్లించి కొలిచారు. సుమారు 40 లక్షల టన్నులని తేలింది. మొదటి లెక్కలో పదో వంతు! నాకు అగర్వాల్ వాదన అంటే గౌరవమే. కానీ అంకెను దించింది మాత్రం బురదలో దిగి పెట్టెలు బోర్లించినవాళ్లు.

దేశవాళీ ఆవు 28 కిలోలనే తీసుకుంటే రోజుకు 77 గ్రాములు. అందులోని శక్తి సుమారు వెయ్యి కిలోకేలరీలు. పావుకిలో పైచిలుకు బియ్యంలో ఉండే శక్తి అది, లేదా ఆ ఆవే ఆరు కిలోమీటర్లకు పైగా నడవడానికి సరిపడే ఇంధనం. అయితే మనకు గిట్టని లెక్క కూడా చెప్పాలి. ఏడాదికి 600 లీటర్లిచ్చే దేశవాళీ ఆవు లీటరు పాలకు 47 గ్రాముల మీథేన్ వదిలితే, 8,400 లీటర్లిచ్చే అమెరికా ఆవు 128 కిలోలు వదిలినా లీటరుకు పదిహేను గ్రాములే పడుతుంది. తలకు లెక్కేస్తే మనం మంచివాళ్లం, లీటరుకు లెక్కేస్తే చెడ్డవాళ్లం. ఏ లెక్క పట్టుకోవాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చే విషయం కాదు. దున్నే ఎద్దుకూ, పెంటకుప్పకు చేరే పేడకూ లీటర్ల లెక్కలో చోటే లేదు కదా.

మన పశువు మీద లోకంలో కొలతలు బాగా జరిగిన చోటు చెబితే ఆశ్చర్యపోతారు. అది బ్రెజిల్. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల తొలినాళ్ల వరకూ ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు పశువులు అక్కడ నెలోర్ అనే పేరుతో స్థిరపడ్డాయి. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు మోసిన ఆబోతు ఒకటి అక్కడి వంశావళుల్లో ఇప్పటికీ పెద్ద పేరు. ఈనాడు బ్రెజిల్ మాంసపు మందల్లో సింహభాగం నెలోర్, లేదా ఆ రక్తం కలిసినవే. దాదాపు అన్నీ పచ్చిక బీళ్ల మీద తిరిగి మేసేవే. సావో పావ్లో రాష్ట్రంలోని సెర్టాన్‌జిన్యో పరిశోధన కేంద్రంలోనూ, బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా కేంద్రాల్లోనూ వాటి మెడకు డబ్బాలు కట్టి, ఏ గడ్డి మీద ఎంత, ఏ కాలంలో ఎంత, తక్కువ తిని ఎక్కువ పెరిగే ఆబోతు సంతానం ఎంత అని ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. ఇందాకటి 2006 మార్గదర్శకాల్లోనే పాడివి కాని పశువుకు లాటిన్ అమెరికాలో 56 కిలోలు, మన దగ్గర 27. మన ఒంగోలు రక్తమే అక్కడ బరువు పెరిగి, మేత పెరిగి రెట్టింపు పద్దులో చేరింది. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతిని కాపాడుతున్నాం. సంతోషమే. దాని ఊపిరి లెక్క మాత్రం సముద్రాల అవతల రాసుకుంటున్నారు.

తగ్గించే మార్గాల గురించి రెండు మాటలు. బెంగళూరు సంస్థ చింతపిక్కల పొట్టు మీద పనిచేసి మీథేన్ తగ్గించే దాణా ఒకటి తయారుచేసింది. అదే సంస్థ టానిన్లున్న మొక్కలతో చేసిన హరిత్ ధార అనే పొడిని 2021లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. 17 నుంచి 20 శాతం దాకా తగ్గిస్తుందని చెప్పారు. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్.డి.డి.బి.) శాస్త్రజ్ఞులు రైతుల వాకిళ్లలోనే పశువులకు డబ్బాలు కట్టి, సమతుల దాణా పెట్టాక లీటరు పాలకు మీథేన్ పది శాతానికి పైగా తగ్గిందని చూపించారు. పొడి కొనకపోయినా ఫరవాలేదు. వరిగడ్డి ముక్కలుగా కోసి వేయడం, దానికి పిల్లిపెసరో బొబ్బర్లో పచ్చిమేత కలపడం, గుప్పెడు తెలకపిండీ చిటికెడు ఖనిజ లవణ మిశ్రమమూ మరవకపోవడం ఇవాళే చేయగలిగినవి. పాల డబ్బాలో తేడా మీకే కనిపిస్తుంది.

చివరిగా ఒక విన్నపం. మన రాష్ట్రంలో ఆవుల కన్నా గేదెలు ఎక్కువ, పాలల్లో పెద్ద వాటా వాటిదే. 2006 మార్గదర్శకాల్లో గేదెకు ప్రపంచం మొత్తానికీ ఒకే అంకె పెట్టారు, 55 కిలోలు. ఇటలీ గేదెకూ అదే, అనకాపల్లి గేదెకూ అదే. మనవాళ్లు వేసిన 50 పక్కన అటూ ఇటూ 17 అని కూడా రాశారు. అంటే 33 కావచ్చు, 67 కావచ్చు. డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయాలని నిర్ణయించింది. ఆ గాలి రేపు ఎటు వీస్తుందో ఎవరు చెప్పగలరు? గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మద్దిలపాలెం పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన ప్రయోగశాలలున్నాయి, చుట్టుపక్కల జిల్లాల్లో ఎండుగడ్డి తిని పాలిచ్చే గేదెలున్నాయి. ఆ కళాశాలలోనూ, విశ్వవిద్యాలయంలోనూ పనిచేసేవాళ్లు కలిసి కూర్చుని, ఓ యాభై గేదెలకు, మూడు కాలాల్లో, ఆ డబ్బాలు కట్టి కొలవాలని కోరుతున్నాను. వాళ్లు మీ సాల దగ్గరికి వచ్చి, అమ్మా, మీ గేదెకు వారం రోజులు ఈ పట్టీ కట్టనిస్తారా అని అడిగితే, కాదనకండి.